ఇంట్లోనే ఐఎన్‌ఆర్ చూసుకోవడం ఎలా: వార్ఫరిన్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

అమ్మకి గుండెలో మైట్రల్ వాల్వ్ (ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంది, ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే అంకే ఐఎన్‌ఆర్. ఇంట్లో మీటర్‌తో ఐఎన్‌ఆర్ చూడడం మొదలుపెట్టిన రెండో నెలలో, ఒక ఆదివారం సాయంత్రం తెర మీద 5.4 అని వచ్చింది. డాక్టరు ఆమెకి చెప్పిన హద్దు 2.5 నుంచి 3.5. ఎక్కడా రక్తం కారడం లేదు, మనిషి మామూలుగానే ఉంది. కానీ క్లినిక్ మూసేసి ఉంది, రాత్రి మాత్ర వేసుకునే టైమ్ అయింది, వేయాలో మానాలో చెప్పేవాళ్లు లేరు. మర్నాడు ఫోన్‌లో నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ వారంలో కొత్త మందు ఏదైనా వాడారా?" అని. వాడాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మంగళవారం నుంచి కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ వేస్తున్నాం. వార్ఫరిన్‌తో కలిస్తే ఐఎన్‌ఆర్‌ని పైకి లాగే మందుల్లో అది ముందు వరుసలో ఉంటుంది. మందు ఇచ్చిన చోట వార్ఫరిన్ సంగతి మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఆ రోజు మీటర్ తన పని సరిగ్గానే చేసింది. లేనిదల్లా మా దగ్గర ముందే రాసిపెట్టుకున్న ప్లాన్, ఆ వారం ఏం మారిందో గుర్తుచేసే నోట్‌బుక్. అందుకే వేలు ఎలా గుచ్చాలన్న దానితో పాటు ఆ రెండింటికీ ఇక్కడ అంతే చోటిచ్చాను. అసలు అవే ముఖ్యమని నా నమ్మకం.

ఆ అంకె ఏం చెబుతుంది

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లలో నాలుగింటిని, అంటే 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లను, కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చే రూపంలోకి మారకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. దాంతో ఆ ఫ్యాక్టర్లు సరిగ్గా తయారుకావు, రక్తం గడ్డకట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. అందరం "రక్తం పలచబడే మందు" అంటాం గానీ రక్తం చిక్కదనం ఏమీ మారదు. గడ్డకట్టే వేగం తగ్గుతుంది, అంతే.

గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే పరీక్ష పేరు ప్రోథ్రాంబిన్ టైమ్. ఒక్కో ల్యాబ్‌లో వాడే రసాయనం ఒక్కో రకం కాబట్టి, అదే రక్తానికి ఒక చోట ఒక లెక్క, ఇంకో చోట ఇంకో లెక్క వచ్చేది. ఈ గందరగోళం పోవడానికి 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్‌ఆర్ పద్ధతిని ముందుకు తెచ్చింది. ఈ మందు వాడని మనిషికి ఇది 1 దగ్గర ఉంటుంది. 3 అంటే, లెక్కలు సరిచేశాక, మామూలు కన్నా సుమారు మూడు రెట్లు ఆలస్యంగా గడ్డకడుతోందని అర్థం.

గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి, కాళ్ల నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు వచ్చినవాళ్లకి సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఎక్కువగా 2.5 నుంచి 3.5. మీ హద్దు ఏమిటో మీ డాక్టరు చెప్పాలి. పక్కింటాయన హద్దు మీకు పనికిరాదు.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. ఈ రోజు వేసుకున్న మాత్ర పూర్తి ప్రభావం ఈ రోజు కనిపించదు. 7వ ఫ్యాక్టర్ కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది, 2వ ఫ్యాక్టర్ సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి ఈ రోజు కనిపించే అంకెలో గత మూడు నాలుగు రోజుల మాత్రలు, తిండి, ఆరోగ్యం అన్నీ కలిసి ఉంటాయి. డోసు మార్చిన మర్నాడే వేలు గుచ్చుకుని "ఏం మారలేదే" అని కంగారు పడనక్కర్లేదు.

ఇంట్లో పరీక్ష ఎవరికి పనికొస్తుంది

ముందుగా మీ మందు పేరు చూడండి. ఈ మీటర్లు వార్ఫరిన్, ఎసినోకూమరాల్, ఫెన్‌ప్రోకూమాన్ లాంటి విటమిన్ కెకి అడ్డుపడే మందులకి మాత్రమే. ఎపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్, ఎడోక్సబాన్ అనే కొత్త రకం మందులు వాడేవాళ్లకి మీటర్ అక్కర్లేదు. ఆ మందుల ప్రభావాన్ని ఐఎన్‌ఆర్ సరిగ్గా చూపించదు. రివరోక్సబాన్ వాడుతున్నవాళ్లకి అంకె కొంత పెరిగి కనిపించవచ్చు కూడా, అది చూసి డోసు మార్చడం ప్రమాదం.

"అయితే ఆ కొత్త మందుకే మారిపోతే గొడవ ఉండదు కదా" అని చాలామంది అడుగుతారు. కొందరికి అది కుదురుతుంది. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి కుదరదు. డాబిగట్రాన్‌ని మెటల్ వాల్వ్ రోగుల్లో పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎపిక్సబాన్‌తో చేసిన అధ్యయనం కూడా 2022లో అలాగే ఆగింది. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ బాగా ఇరుకైనవాళ్లకి కూడా వార్ఫరినే మంచిదని తేలింది. వీళ్లందరూ ఏళ్ల తరబడి ఐఎన్‌ఆర్‌తో కాపురం చేయాల్సినవాళ్లు. ఇంటి మీటర్ వల్ల ఎక్కువ మేలు పొందేది కూడా వీళ్లే.

మేలు ఎంత? 2016లో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 28 అధ్యయనాలను, 8,950 మంది రోగులను కలిపి చూసింది. సొంతంగా పరీక్షించుకునేవాళ్లలో గడ్డల వల్ల వచ్చే ప్రమాదాలు సుమారు 40 శాతం తక్కువగా ఉన్నాయి. పెద్ద రక్తస్రావాల్లో మాత్రం తేడా కనిపించలేదు. 2010లో అమెరికాలో 2,922 మందితో చేసిన మరో అధ్యయనంలో, వారానికోసారి ఇంట్లో చూసుకున్నవాళ్లకీ, నెలకోసారి మంచి క్లినిక్‌కి వెళ్లినవాళ్లకీ పక్షవాతం, పెద్ద రక్తస్రావం, మరణం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దగ్గర్లో బాగా పట్టించుకునే క్లినిక్ ఉండి, మీ అంకె నిలకడగా ఉంటే, మీటర్ లేనందువల్ల మీరు ఏదో పోగొట్టుకుంటున్నారని అనుకోకండి. ల్యాబ్ దూరమైనా, నరం దొరకడం కష్టమైనా, అంకె తరచూ ఎగిరిపడుతున్నా మీటర్ గట్టిగా అక్కరకొస్తుంది.

కొందరు మాత్రం ఆగి డాక్టరుని అడగాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రక్తం తేలిగ్గా గడ్డలు కట్టే ఒక జబ్బు) ఉన్నవాళ్లలో వేలి మీటర్ అంకెను తప్పుగా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. రక్తహీనత బాగా ఎక్కువగా ఉన్నా, ఎర్రకణాల శాతం మరీ ఎక్కువైనా ఫలితం నమ్మలేం. కోగుచెక్ ఎక్స్‌ఎస్ మీటర్‌కి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 25 నుంచి 55 మధ్య ఉండాలి. చూపు మందగించినా, చేతులు వణుకుతున్నా ఇంట్లో ఇంకొకరు నేర్చుకుంటే సరిపోతుంది. మా ఇంట్లో గుచ్చేది నేను, చదివేది నేను, రాసేది అమ్మ.

మీటర్ కొనకముందే తేల్చుకోవాల్సినవి

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక కాగితం మీద ఈ జవాబులు రాయించుకోండి. నా హద్దు ఎంత నుంచి ఎంత? ఎన్ని రోజులకోసారి చూడాలి? అంకె ఎవరికి, ఏ నంబరుకి, ఎన్ని గంటల్లోపు చెప్పాలి? ఏ అంకె కింద, ఏ అంకె పైన అదే రోజు ఫోన్ చేయాలి? సెలవు రోజు వస్తే ఎవరిని పట్టుకోవాలి? ఎక్కువ వచ్చినప్పుడు ఆ రాత్రి మాత్ర ఆపి అడగాలా, వేసుకుని అడగాలా?

చివరి ప్రశ్నకి జవాబు మనిషిని బట్టి మారుతుంది. ఆ ఆదివారం మా దగ్గర లేనిది సరిగ్గా ఆ జవాబే. ఇప్పుడది మీటర్ పెట్టె మూత లోపల అతికించి ఉంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, పరీక్ష మీరు చేస్తారు, డోసు క్లినిక్ చెబుతుంది. రెండోది, శిక్షణ తీసుకుని, డాక్టరు ఇచ్చిన పట్టిక ప్రకారం డోసు కూడా మీరే సరిచేసుకుంటారు. మొదటి ఆరు నెలలైనా మొదటి దారిలో నడవండి. మీటర్ వాడడం గంటలో వస్తుంది. అంకె వెనకున్న కారణం పట్టుకోవడానికి కాస్త కాలం కావాలి.

పరీక్షకి వారంలో ఏ రోజో కూడా ఎంచుకోండి. మంగళవారమో బుధవారమో ఉదయం పెట్టుకుంటే ఆ రోజు క్లినిక్ తెరిచి ఉంటుంది, మర్నాడూ తెరిచి ఉంటుంది. మాత్ర రాత్రి వేసుకునే అలవాటు ఉంటే ఉదయం వచ్చిన అంకెను బట్టి ఆ రాత్రి డోసు మార్చడానికి వీలవుతుంది.

కావాల్సిన సామాను

మీటర్, దానికి సరిపడే స్ట్రిప్పులు, లాన్సెట్ సూదులు, గుచ్చే పెన్ను, దూది, వాడిన సూదులు వేసే గట్టి మూత డబ్బా, నోట్‌బుక్. స్ట్రిప్పుల డబ్బా మీద గడువు తేదీ చూడండి. కోడ్ చిప్ ఉండే మీటర్ అయితే ప్రతి కొత్త స్ట్రిప్పుల డబ్బాతో వచ్చిన చిప్‌నే పెట్టాలి, పాతది తీసేయాలి. మీటర్ మీద కనిపించే నంబరు, డబ్బా మీది నంబరు ఒకటేనా అని చూడడానికి రెండు సెకన్లు చాలు.

స్ట్రిప్పులకి ఎండ, తేమ పడవు. కోగుచెక్ ఎక్స్‌ఎస్ స్ట్రిప్పులను 2 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచమంటారు. డబ్బా మూత వెంటనే బిగించాలి. తడి చేత్తో స్ట్రిప్ తీయకూడదు. గుచ్చే పెన్నును ఇంట్లో ఇంకెవరితోనూ పంచుకోవద్దు, హెపటైటిస్ బి లాంటివి అలా పాకుతాయి. ఒక సూది ఒక్కసారికే.

వేలు గుచ్చడం, అడుగడుగునా

ఇంటి పరీక్షల్లో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంతకు ముందు షుగర్ చూసుకునే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే కొన్ని అలవాట్లు ఇక్కడ తలకిందులవుతాయి.

మీటర్‌ని బల్ల మీద సమంగా పెట్టండి. చేత్తో పట్టుకుని, ఒళ్లో పెట్టుకుని చేయొద్దు. పరీక్ష జరుగుతున్నప్పుడు కదిలితే చాలా మీటర్లు తప్పు సందేశం ఇస్తాయి. చల్లని గదిలోంచి తెచ్చిన మీటర్ అయితే మామూలు గది వేడికి వచ్చేదాకా ఆగండి.

చేతులు సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడగండి. వేడి వల్ల వేలికి రక్తం బాగా వస్తుంది. తర్వాత పూర్తిగా తుడవండి, గోరు పక్కన కూడా తడి ఉండకూడదు. తడి చర్మం మీద చుక్క నిలబడదు, పరుచుకుపోతుంది, నీళ్లు కలిసిన రక్తంతో అంకె కూడా మారిపోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే అది పూర్తిగా ఆరేదాకా గుచ్చకండి. సబ్బు, నీళ్లు ఉన్నప్పుడు స్పిరిట్ అవసరమే లేదు.

చేతిని అర నిమిషం కిందికి వేలాడదీయండి. మధ్య వేలో ఉంగరం వేలో తీసుకుని, అరచేతి వైపు నుంచి కొస వరకు మెల్లగా నిమరండి. ఈ నిమరడం గుచ్చకముందే పూర్తి చేయాలి, గుచ్చాక కాదు. ఇది ముఖ్యం.

ఇప్పుడు స్ట్రిప్‌ని మీటర్‌లో పెట్టండి. మీటర్ స్ట్రిప్‌ని వేడిచేసుకుని, రక్తం పెట్టమని గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తు వచ్చాకే గుచ్చాలి. ముందే గుచ్చేస్తే మీటర్ సిద్ధమయ్యేలోపు మీ చుక్క వేలి మీదే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

వేలి కొస మధ్యలో గుచ్చితే నొప్పి ఎక్కువ. కాస్త పక్కగా, గోటికి మరీ దగ్గరగా కాకుండా గుచ్చండి. పెన్నును చర్మానికి గట్టిగా ఆనించి నొక్కాలి, పైపైన ఆనిస్తే గాటు సరిగ్గా పడదు. అమ్మ చేతి చర్మం పలుచన. అయినా పెన్ను మీద లోతు నంబరు 3 పెడితే గానీ నిండు చుక్క రాలేదు. 1 పెట్టి నొప్పి తగ్గిద్దామనుకుంటే రెండుసార్లు గుచ్చాల్సి వచ్చేది.

చుక్క దానంతట అది ఉబ్బాలి. గుండ్రంగా, వేలి మీద వేలాడేలా నిలబడాలి. కోగుచెక్ ఎక్స్‌ఎస్‌కి 8 మైక్రోలీటర్ల రక్తం చాలు, అది పెద్ద చుక్కేమీ కాదు. కానీ వేలు పిండి తెచ్చిన చుక్క పనికిరాదు. గట్టిగా పిండితే చర్మం కింది కణజాలంలోంచి గడ్డకట్టడాన్ని ప్రేరేపించే పదార్థం రక్తంలో కలుస్తుంది, ఫలితం తప్పుతుంది. షుగర్ పరీక్షలో కొందరు మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడతారు. ఇక్కడ మొదటి చుక్కే వాడాలి. ఎక్స్‌ఎస్ లాంటి మీటర్లలో గుచ్చిన 15 సెకన్లలోపు ఆ చుక్క స్ట్రిప్‌కి అందాలి.

చుక్కను స్ట్రిప్ అంచుకి తగిలించి, మీటర్ శబ్దం చేసేదాకా అలాగే ఉంచండి. స్ట్రిప్ రక్తాన్ని తనంతట తనే లాక్కుంటుంది. చాలలేదని రెండో చుక్క వేయొద్దు. మొదటి చుక్క అప్పటికే గడ్డకట్టడం మొదలైంది, పైన కొత్త రక్తం పోస్తే లెక్క పోయినట్టే. చాలకపోతే ఆ స్ట్రిప్ పారేసి, ఇంకో వేలు, కొత్త సూది, కొత్త స్ట్రిప్. స్ట్రిప్ దండగైందని మనసు పీకుతుంది, నాకూ పీకుతుంది. తప్పు అంకె మీద మాత్ర మార్చడం కన్నా అది మేలు.

దాదాపు నిమిషంలో అంకె వస్తుంది. ఈ మందు వాడుతున్నప్పుడు గాటు మూసుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, దూది ఒత్తి రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. తెర మీది అంకెను వెంటనే రాయండి. మీటర్ గుర్తుపెట్టుకుంటుందిలే అని వదిలేయకండి, ఆ అంకె పక్కన మీరు రాయాల్సినవి ఇంకా ఉన్నాయి.

ల్యాబ్‌తో సరిచూసుకోవడం

మొదటిసారి మీటర్ వాడిన రోజే, వీలైతే ఒకటి రెండు గంటల తేడాలో, నరం నుంచి కూడా రక్తం ఇచ్చి ల్యాబ్‌లో ఐఎన్‌ఆర్ చూపించుకోండి. తర్వాత కూడా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, డాక్టరు చెప్పినట్టు పోల్చండి. రెండూ అచ్చం ఒకటే రావు. మీటర్ 2.8, ల్యాబ్ 2.5 అంటే రెండూ బాగానే ఉన్నట్టు. ఈ అంకెల దగ్గర 0.5 లోపు తేడాని చాలా క్లినిక్‌లు ఒప్పుకుంటాయి. అంకె పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది. 4.5 దాటిన మీటర్ అంకెను ల్యాబ్‌లో ఖాయం చేసుకోవడం మంచి అలవాటు, ఎందుకంటే ఆ ఎత్తులో మీటర్లు వాస్తవం కన్నా ఎక్కువ చూపించడం మామూలే.

ల్యాబ్ వైపు కూడా తప్పు జరగొచ్చు. ఈ పరీక్షకి వాడే నీలం మూత గొట్టంలో గడ్డకట్టకుండా సిట్రేట్ ద్రవం కొలిచి పోసి ఉంటుంది. రక్తం గీత వరకు నిండకపోతే ఆ పాళ్లు తప్పి అంకె ఎక్కువ వస్తుంది. తీసేటప్పుడు గీత దాకా నిండిందో లేదో మీరే ఒక చూపు చూడండి.

స్ట్రిప్పుల మీద కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చే హెచ్చరికలను కూడా గమనించాలి. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక పేరున్న మీటర్ తాలూకు కొన్ని బ్యాచ్‌ల స్ట్రిప్పులు, ముఖ్యంగా పై అంకెల దగ్గర, ల్యాబ్ కన్నా ఎక్కువ చూపిస్తున్నాయని హెచ్చరించింది, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. బ్యాచ్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే ఇలాంటి వార్త వచ్చినప్పుడు నిమిషంలో తేలిపోతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, సమయం, అంకె. ఆ వారం మొత్తం వేసుకున్న మిల్లీగ్రాములు. మానేసిన మాత్రలు. కొత్త మందు, ఆపేసిన మందు. జ్వరం, విరేచనాలు, వాంతులు, సరిగ్గా తినకపోవడం. కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. క్లినిక్ ఏం చెప్పింది, తర్వాతి పరీక్ష ఎప్పుడు.

మాత్రని రంగుతో రాయకండి, మిల్లీగ్రాముల్లోనే రాయండి. వార్ఫరిన్ గులాబీ రంగు మాత్ర బ్రిటన్‌లో 5 మి.గ్రా., అమెరికాలో 1 మి.గ్రా. "రోజూ ఒక గులాబీ మాత్ర" అని రాసుకున్న మనిషి దేశం మారితే ఏమవుతుందో ఊహించండి. కంపెనీ మారినా ఇలాంటి తేడాలు రావచ్చు.

రోజు డోసు కన్నా వారం మొత్తం లెక్కేయడం మేలు. రోజుకి 5 మి.గ్రా. అంటే వారానికి 35. డాక్టరు పది శాతం పెంచాలనుకుంటే 3.5 మి.గ్రా. అవుతుంది, అది వారంలో ఒకటి రెండు రోజుల మాత్రల్లో సర్దుతారు. డోసు మార్పులు సాధారణంగా ఇలా వారానికి 5 నుంచి 20 శాతం మధ్యే ఉంటాయి. ఇది తెలిస్తే క్లినిక్ చెప్పిన "సోమ, శుక్రవారాలు ఒకటిన్నర" అన్న మాట వెనక లెక్క అర్థమవుతుంది.

పది పరీక్షలయ్యాక వెనక్కి తిరిగి చూడండి. ఎన్ని హద్దులో ఉన్నాయి? ఏడు ఉంటే బాగా నడుస్తున్నట్టే. ఐదుకన్నా తక్కువైతే మందులు, తిండి, మాత్ర వేసుకునే తీరు అన్నిటి గురించీ డాక్టరుతో తీరిగ్గా మాట్లాడాలి.

అంకె వచ్చాక

హద్దులో ఉంటే అదే డోసు, చెప్పిన రోజుకే మళ్లీ పరీక్ష. బాగుంది కదా అని మర్నాడు మళ్లీ గుచ్చుకోవద్దు.

ఎప్పుడూ నిలకడగా ఉండే మనిషికి ఒక్కసారి 0.5 లోపు పైకో కిందికో జారితే, చాలాసార్లు డోసు మార్చకుండా ఒకటి రెండు వారాల్లో మళ్లీ చూడమంటారు. ప్రతి చిన్న కదలికకీ డోసు మారుస్తూ పోతే అంకె ఉయ్యాలలా ఊగుతుంది. అయినా ఆ మాట క్లినిక్ నుంచే రావాలి. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి అంకె తక్కువ రావడం మరీ తీవ్రం, అదే రోజు ఫోన్ చేయాలి.

వింత అంకె వస్తే, అంటే గత వారం 2.7, ఈ వారం 5.8 అయితే, కారణం ఏమీ కనిపించకపోతే, చేతులు మళ్లీ కడుక్కుని ఇంకో చేతి వేలితో ఒకసారి చూడండి. రెండోదీ అలాగే ఉంటే అదే రోజు క్లినిక్‌కి చెప్పి ల్యాబ్‌లో సరిచూడండి. 5 దాటితే రక్తం కారకపోయినా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. మాత్ర ఒకటో రెండో ఆపమనడం, అవసరమైతే విటమిన్ కె ఇవ్వడం వాళ్ల నిర్ణయం. విటమిన్ కె మాత్ర సొంతంగా వేసుకోకండి. దానితో అంకె ఒక్కసారిగా పడిపోయి, కొన్ని రోజులు వార్ఫరిన్ పని చేయకపోవచ్చు. మెటల్ వాల్వ్ ఉన్న మనిషికి అది పెద్ద ముప్పు.

మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి వేయొద్దు. నోట్‌బుక్‌లో మాత్రం రాయండి. మానేశామని చెప్పడానికి మొహమాటపడితే, అంకె తగ్గింది డోసు చాలకేనని డాక్టరు అనుకుని డోసు పెంచుతారు. రెండు వారాల తర్వాత ఆ తప్పు పైకి తేలుతుంది.

అంకెను కదిలించేవి

మందులే మొదటి అనుమానితులు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్, అమియోడరోన్ అంకెను పెంచుతాయి. రిఫాంపిసిన్, కార్బమజెపైన్ తగ్గిస్తాయి. పారాసెటమాల్ ఒకటి రెండు మాత్రలతో ఏమీ కాదు గానీ, రోజుకి 2 గ్రాములకు పైగా కొన్ని రోజులు వరసగా వేస్తే అంకె పెరగొచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అంకెను పెద్దగా కదపకపోయినా కడుపులో రక్తస్రావం తెస్తాయి, కాబట్టి అంకె బాగుందని వాటిని వేసుకోవద్దు. యాంటీబయాటిక్ ఏది మొదలుపెట్టినా ఆ రోజే క్లినిక్‌కి చెప్పండి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఒక అదనపు పరీక్ష అడగండి. మందు ఆపాక మళ్లీ ఒకటి. మూలికల మందులు, పొడులు కూడా మందుల్లోనే లెక్క.

ఆకుకూరలు పూర్తిగా మానేయమనే సలహా ఇంకా చాలామంది ఇస్తుంటారు. అది సరికాదు. విటమిన్ కె ఉన్న పాలకూర, క్యాబేజీ లాంటివి తినొచ్చు, ప్రతి వారం దాదాపు ఒకే మోతాదులో తినాలి. నెలంతా ముట్టకుండా ఉండి ఒక్క వారం రోజూ తింటే అంకె పడిపోతుంది. తినే అలవాటున్న మనిషి జ్వరంతో నాలుగు రోజులు తిండి మానేస్తే అంకె పెరుగుతుంది. ఒకేసారి ఎక్కువ మద్యం తాగడం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, గుండె వైఫల్యం, కాలేయ జబ్బు కూడా అంకెను పెంచుతాయి. గర్భం వచ్చిందని అనుమానమైతే తర్వాతి పరీక్ష దాకా ఆగొద్దు, వార్ఫరిన్ తొలి నెలల్లో బిడ్డకి హాని చేయగలదు, కానీ చెప్పకుండా ఆపేయడం తల్లికి ప్రమాదం. అదే రోజు డాక్టరుని కలవండి.

మీటర్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిన వేళలు

తలకి దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా, మనిషి మామూలుగా ఉన్నా వెళ్లాలి. లోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడొచ్చు. నల్లగా తారులా విరేచనం, రక్తపు వాంతి, మూత్రంలో రక్తం, పది పదిహేను నిమిషాలు ఒత్తిపట్టినా ఆగని ముక్కు రక్తం, ఎప్పుడూ లేనంత తలనొప్పి వస్తే ఇంట్లో వేలు గుచ్చుతూ కూర్చోవద్దు. మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. అంకె హద్దులో ఉందని వాటిని కొట్టిపారేయకూడదు. కాలు ఒకటి ఉన్నట్టుండి వాచి నొప్పెట్టడం, ఊపిరి ఆడకపోవడం కూడా అంతే.

మెటల్ వాల్వ్ ఉన్న ఇంట్లో ఇంకొకటి గమనిస్తూ ఉండాలి. రాత్రి నిశ్శబ్దంలో పక్కన పడుకుంటే గడియారంలా టిక్ టిక్ అని వినిపిస్తుంది. మొదట్లో అమ్మకి ఆ శబ్దంతో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు అది వినిపిస్తేనే నాకు ధీమా. ఆ శబ్దం మందగించినా, ఆగినట్టు అనిపించినా వాల్వ్ మీద గడ్డ పేరుకుంటూ ఉండొచ్చు. దానితో ఆయాసం కూడా ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

వెళ్లేటప్పుడు నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. అక్కడ వాళ్లకి మొదట కావాల్సినవి మూడు: మందు పేరు, చివరి మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు ఎప్పుడు వేసుకున్నారు, చివరి ఐఎన్‌ఆర్ ఎంత, ఏ రోజుది. అమ్మ పర్సులో ఈ మూడూ రాసిన చిన్న కార్డు ఉంటుంది. ప్రతి బుధవారం పరీక్ష అయ్యాక పాత అంకె కొట్టేసి కొత్తది రాసి మళ్లీ పర్సులో పెడుతుంది.